రెండు నాసాపుటములు, ఒక్క వాసన

ప్రయాణమునకు బయలుదేరునపుడు గడప దాటుటకు ముందు ముక్కు క్రింద వ్రేలుంచుకొని, ఏ పుటమునుండి ఊపిరి హెచ్చుగా వచ్చుచున్నదో చూచుకొను వాడుక మన పెద్దలలో కొందరికి కలదు. ఎడమపుటమున నడచునది చంద్రనాడి, కుడిపుటమున నడచునది సూర్యనాడి, రెంటను సమముగా నడచునది సుషుమ్న యని వారి లెక్క. ఏ పనికి ఏ నాడి తగునో, ఏ దిక్కునకు పోవునపుడు ఏ నాడి మంచిదో శివస్వరోదయమను గ్రంథమున శివపార్వతుల సంవాదరూపమున విస్తరించి చెప్పబడినది. స్వరశాస్త్రము తెలిసినవారమను కొందరు, ప్రశ్న యడుగ వచ్చినవాని యెదుట తమ యూపిరి చూచుకొని, పోయిన సొమ్ము దొరకునో దొరకదో చెప్పుటయు కలదు.

ఈ వాడుకను చూచి నవ్వి యూరకుండుట సులభము. మేమును నవ్వినవారమే. కాని ఆ నవ్వులో సగము తొందరపాటని పిమ్మట తెలిసికొంటిమి. ఊపిరి ఒకప్పుడు ఒక పుటమునను మరియొకప్పుడు రెండవ పుటమునను హెచ్చుగా నడచుట నిజము. 1895లో రిచర్డు కైజరు అను జర్మను వైద్యుడు ముక్కులోనుండి గాలి పోవు పరిమాణమును కొలిచి ఈ మార్పును గ్రంథస్థము చేసెను. ముక్కు లోపలి ప్రక్కగోడలయందు గవ్వల వలె చుట్టుకొన్న సన్నని యెముక లున్నవి. వానిని కప్పియున్న మెత్తని పొరలో రక్తనాళములు దట్టముగా నుండును. ఒకవైపు పొర రక్తముతో ఉబ్బి దారిని ఇరుకు చేయునపుడు రెండవవైపు పొర సన్నగిల్లి దారి విశాలమగును. కొన్ని గంటలు గడచిన పిమ్మట ఇది తారుమారగును. ఒక ప్రక్కకు ఒత్తిగిలి పండుకొన్నచో క్రిందివైపు పుటము మూసికొనుట అందరికిని అనుభవమే. యూరపు వైద్యులు కొలతలతో కనుగొనుటకు చాలకాలము ముందే మన యోగులు దీనిని వ్రేలితో కనుగొనిరి. వారి పరిశీలన సరియైనది. దానిపై కట్టిన జయాపజయముల మేడకు మాత్రము పునాది లేదు.

ఐనను మాకు ఆశ్చర్యము కలిగించునది వేరొకటి. ఇన్ని తరములవారు రెండు పుటముల యూపిరి సమానము కాదని ఎరిగియుండియు, ఆ రెండు పుటములకు తెలియు వాసన ఒక్కటేనా అని యడిగినట్లు కనబడదు. కుడిపుటమునుండి వచ్చిన పరిమళమును ఎడమపుటమునుండి వచ్చిన పరిమళమును మెదడు ఒక్కచోటనే అందుకొనునా? అందుకొన్న పిమ్మట ఏది ఎటునుండి వచ్చినదో దానికి జ్ఞాపకముండునా? ఈ ప్రశ్నలకు ఉత్తరము దొరకిన చరిత్రనే మేమిక్కడ చెప్పదలచితిమి. ఆ ఉత్తరములో ముఖ్యమైన భాగము 2023వ సంవత్సరమున గాని బయటపడలేదు.

పూర్వులు ఘ్రాణమును గూర్చి ఆలోచింపలేదని కాదు. తెలుగువాడని చెప్పబడుచున్న అన్నంభట్టు తన తర్కసంగ్రహమున వాసనను భూమికి మాత్రమే చెందిన గుణముగా చెప్పి, సువాసన దుర్వాసన యని రెండుగా విభజించి, దానిని గ్రహించు నింద్రియము ముక్కు కొననున్నదని నిర్ణయించెను. తర్కమునకు అది చాలును; వైద్యమునకు చాలదు. పశ్చిమమున క్రీ.శ. 2వ శతాబ్దపు వైద్యుడు గేలెను మరియొక విధముగా చెప్పెను. ముక్కు కేవలము దారి యనియు, వాసన మోసికొని వచ్చు గాలి జల్లెడ వంటి యెముక రంధ్రములగుండ మెదడు ముందరి గదులకే పోవుననియు, వాసన తెలియుట అక్కడనే జరుగుననియు అతని మతము. జలుబు చేసినపుడు కారు నీరు మెదడునుండియే క్రిందికి దిగునని కూడ అతని యనుచరులు నమ్మిరి. పదునాలుగు వందల ఏండ్లు ఈ మాటకు ఎదురులేకపోయెను.

1660లో విట్టెంబర్గు పండితుడు కాన్రాడు విక్టరు ష్నైడరు, ఆ నీరు మెదడునుండి కాక ముక్కు లోపలి పొరనుండియే పుట్టునని చూపెను. నాలుగేండ్ల పిమ్మట ఇంగ్లండున థామసు విల్లిసు మెదడు నిర్మాణముపై వ్రాసిన గ్రంథమున, గేలెను లెక్కలోనికే తీసికొనని ఘ్రాణనాడులను మెదడునుండి వెడలు నాడులలో మొదటి జంటగా లెక్కించెను. అప్పటినుండి నేటివరకు వైద్యవిద్యార్థులు ఆ లెక్కనే వల్లించుచున్నారు. 19వ శతాబ్దము చివర గోల్జీ, కహాలు అను ఇరువురు శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినితో ఆ నాడుల పోగులను, అవి చేరు కణములను చిత్రములు వ్రాసి చూపిరి. నాడీమండల నిర్మాణమును గూర్చి ఒకరి సిద్ధాంతమును మరియొకరు అంగీకరింపని ఆ ఇరువురికి 1906లో నోబెలు బహుమానమును చెరిసగము పంచి యిచ్చుట శాస్త్రచరిత్రలో ఒక వినోదము.

ఇప్పుడు దారి స్పష్టమైనది. ముక్కు పైకప్పున పోస్టుబిళ్ల కంటె పెద్దది కాని చోటున వాసన తెలిసికొను కణము లున్నవి. ఆ కణములయందు వాసనను పట్టు గ్రాహకములు మనుష్యునిలో దాదాపు 400 రకములు. ఆ గ్రాహకముల జన్యువులను 1991లో లిండా బకు, రిచర్డు ఆక్సెలు అనువారు మొదట ఎలుకలలో కనుగొని 2004లో నోబెలు బహుమానము పొందిరి. ఆ కణముల పోగులు జల్లెడ యెముక రంధ్రములలోనుండి పైకి పోయి, మెదడు క్రిందివైపున ముందుగా నున్న రెండు చిన్న కందములను చేరును. కుడిపుటమునకు కుడికందము, ఎడమపుటమునకు ఎడమకందము. అక్కడనుండి వార్త బేరిపండు ఆకారము గల ఘ్రాణవల్కలమునకు పోవును. ఇదియు రెండు వైపుల రెండు గలదు.

ఇక్కడ ఒక విశేషమున్నది. తల యొకవైపు గాయమైనచో శరీరములో రెండవవైపు ఈడ్పులు వచ్చుట ప్రాచీన గ్రీకు వైద్యులకే తెలియును. ఎడమచేతి స్పర్శ కుడిమెదడునకు పోవును. మనకు ఎడమవైపు కనబడునది కుడిమెదడునకు పోవును. ఈ అడ్డదారికి లోబడనిది ఘ్రాణము. కుడిపుటము వార్త ముఖ్యముగా కుడిమెదడునకే, ఎడమపుటము వార్త ఎడమమెదడునకే చేరును. తక్కిన యింద్రియముల వార్తలు మెదడు నడుమనున్న ఒక పెద్ద కూడలిలో దిగి ముందుకు పోవలసియుండగా, ఘ్రాణము ఆ కూడలికి పోకయే తిన్నగా తన గమ్యమును చేరును. రెండు వైపులను కలుపుటకు మెదడులోపల ముందుభాగమున సన్నని నాడీపోగుల వంతెన యొకటి కలదు. ఈ వంతెనను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

వాసన తెలియుట మెదడులోపలి పని యని లోకమునకు తెలియజేసిన వారిలో ఒక వంటమనిషి కూడ కలదు. లండనున హ్యూలింగ్సు జాక్సను, చార్లెసు బీవరు అను వైద్యులు 1889లో ఆమె రోగమును గూర్చి ప్రకటించిరి. ఆమెకు అప్పుడప్పుడు మూర్ఛ వంటిది వచ్చుచుండెను. అది వచ్చునపుడు ఏదో మాడుచున్నట్లు దుర్భరమైన కంపు ఆమెకు తోచుచుండెను; వంటపనిలో మునిగియున్న ఒక స్త్రీ రూపము కంటికి కనబడుచుండెను. పొయ్యిమీద ఏమియు మాడుటలేదు. ఆమె మరణానంతరము చూడగా మెదడు కుడివైపు కణతభాగమున ఒక కంతి యుండెను. బయట ఏ పదార్థమును లేకయే వాసన పుట్టెనన్న, వాసన తెలియుచోటు ముక్కు కాదు, మెదడే యని తేలినది. ఇటువంటి రోగిని మన యూళ్లలో ఏమి పట్టినదని చెప్పి ఎవరియొద్దకు తీసికొనిపోయియుందురో చదువరులే ఊహింపగలరు.

ఇట్టి యాధారములున్నను 19వ శతాబ్దపు శాస్త్రలోకమున ఘ్రాణమునకు గౌరవము కలుగలేదు. తత్త్వవేత్త కాంటు 1798లోనే దీనిని పోయినను విచారింపనక్కరలేని యింద్రియముగా ఎంచియుండెను. లోరెంట్సు ఓకెను అను జర్మను పండితుడు మనుష్యజాతులను ఇంద్రియములనుబట్టి మెట్లుగా పేర్చి, యూరపువారిని కన్నుగల మనుష్యులుగా పైమెట్టున కూర్చుండబెట్టి, అమెరికా యాదివాసులను ముక్కుమనుష్యులుగా క్రిందికి దించెను. మనుష్యులను మెట్లుగా పేర్చు విద్య మన దేశమునకే ప్రత్యేకమని దిగులుపడువారు ఈ విషయము గమనింపవలెను. ఫ్రాన్సున పాలు బ్రోకా, మాటాడుశక్తి యుండుచోటు కనుగొని కీర్తి పొందినవాడు, మనుష్యుని మెదడులో ఘ్రాణభాగము తక్కిన మెదడుతో పోల్చినచో చిన్నది గనుక మనుష్యుని ఘ్రాణము క్షీణించినదని 1870 ప్రాంతముల ప్రతిపాదించెను. అతడు ముక్కుల శక్తిని పరీక్షింపలేదు, మెదడులను తూచెను. ఈ మాట పాఠ్యపుస్తకములకెక్కి స్థిరపడెను. 2017లో జాన్ మెక్గాన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఇది 19వ శతాబ్దమునాటి కట్టుకథ యనియు, మనుష్యుని ఘ్రాణకందములు అంత చిన్నవి కావనియు, వానిలోని నాడీకణముల సంఖ్య ఇతర జంతువులకు తీసిపోదనియు విపులముగా చూపించువరకు అది చెల్లుచునే యుండెను. ఒక గొప్పవాడు పరీక్షింపక చెప్పినమాట నూటనలువది యేండ్లు నిలిచినది. స్వరశాస్త్రమును నమ్మువారినే మూఢులనుట న్యాయము కాదని మాకు తోచుచున్నది.

కొలుచువారు మాత్రము కొలుచుచునే యుండిరి. హాలండున హెండ్రికు జ్వార్డెమేకరు 1888లో ఘ్రాణమాపకమును నిర్మించెను. యంత్రము అతి సామాన్యము. వాసనగల గొట్టములోనికి సన్నని గాజుగొట్టము జొనిపి, దాని రెండవకొనను నాసాపుటమున ఉంచుకొనవలెను. గాజుగొట్టమును ఎంత వెనుకకు లాగినచో వాసనగల గోడ అంత బయటపడి, వాసన అంత హెచ్చగును. ఇట్టివి రెండు తీసికొని రెండు పుటములకు రెండు వేరువేరు వాసనలను అతడు అందించి చూచెను. ఆ రెండును ఒకదానినొకటి అణచివేసికొనుటయు కలదని కనుగొనెను. ముక్కులో కలియుటకు వీలులేని వాసనలు ఒకదానినొకటి అణచుకొన్నచో ఆ పోరు జరిగినది మెదడులోనే గదా. ఇంతవరకు వచ్చియు ఆ కాలమున ఇంతకంటె ముందుకు పోవుటకు సాధనములు లేకపోయెను.

పిమ్మటి గొప్ప మెట్టు 1969లో అమెరికాలోని కాలిఫోర్నియాయందు పడెను. తీవ్రమైన మూర్ఛరోగమును శాంతింపజేయుటకు అక్కడి శస్త్రవైద్యులు కొందరు రోగుల మెదడు రెండు అర్ధభాగములను కలుపు నాడీపోగులను కోసివేసియుండిరి. మేము జ్ఞాపకముంచుకొనుమన్న ముందరి వంతెనయు అందులో తెగినది. రోజరు స్పెర్రీ, హెరాల్డు గోర్డను అనువారు ఈ రోగులకు ఒక్కొక్క పుటమున వేరుగా వాసన చూపిరి. ఎడమపుటమున చూపినపుడు రోగి ఆ వాసన పేరు చెప్పెను. కుడిపుటమున చూపినపుడు ఏమియు చెప్పలేకపోయెను. కాని ఎదుట పెట్టిన వస్తువులలో ఆ వాసనకు సంబంధించినదానిని అతని ఎడమచేయి సరిగా ఎన్నుకొనెను. మాటాడు భాగము సామాన్యముగా ఎడమమెదడున నుండును. ఎడమచేతిని నడుపునది కుడిమెదడు. కుడిమెదడు వాసనను గుర్తుపట్టినది, చేతితో చూపినది, కాని చెప్పుటకు దానికి నోరు లేదు. ఒకే తలలో ఒక భాగమునకు తెలిసినది రెండవభాగమునకు తెలియకపోవుట చదువునపుడు మాకు కొంత గగుర్పాటు కలిగినది. స్పెర్రీకి మెదడు అర్ధభాగములపై చేసిన కృషికి 1981లో నోబెలు బహుమానమొచ్చెను.

మరి వంతెన యున్నవారిలో అది చేయుపని యేమి? 1987లో కుచార్స్కీ, హాలు అను అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకకూనలపై ఒక చక్కని పరీక్ష చేసిరి. పుట్టి ఆరుదినములైన కూనకు ఒక పుటము మూసి, రెండవ పుటముతో ఒక వాసనను ఇష్టపడుట నేర్పిరి. నేర్చిన పుటముతో చూచినచో ఆ వాసన దానికి జ్ఞాపకమున్నది. రెండవ పుటముతో చూచినచో లేదు. అదే కూనను ఇంచుమించు పండ్రెండుదినముల వయసున మరల పరీక్షింపగా, నేర్వని పుటమునకును ఆ జ్ఞాపకము అందినది. ఈలోపల వంతెన పెరిగి పనిచేయ నారంభించినది. మన భాషలో వాసన యన్న మాటకు ముక్కునకు తెలియునది యను అర్థమే కాక, పూర్వానుభవము మనస్సున విడిచిపోయిన జాడ యను అర్థమును కలదు. ఆ రెండర్థములు ఒకే కూన తలలో వంతెన కొరకు కాచుకొనియుండుట మాకు మనోహరముగా తోచినది. మనుష్యులలోను ఇట్టిది కలదు. చెమట వంటి వాసనగల ఒక పదార్థము కొందరికి బొత్తిగా తెలియదు. అట్టివారికి ఒక పుటముతో దినదినము దానిని చూపగా కొంతకాలమునకు ఆ వాసన తెలియుటయే కాక, ఎన్నడును చూపని రెండవ పుటమునకును తెలిసినదని 2002లో ప్రకటించిరి. నేర్చుట ముక్కులో గాక మెదడులో జరిగినదన్నమాట.

రెండు చెవులుండుటవలన ధ్వని ఏ ప్రక్కనుండి వచ్చినదో తెలియును. రెండు పుటములవలన వాసన దిక్కు తెలియునా? చెవి పనిని శోధించి నోబెలు బహుమానము పొందిన గెయోర్గు బేకెషీ 1964లో తెలియుననెను. 1989లో జర్మనీయందు కోబాలు, ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వాన్ టాలరు, హుమ్మెలు అనువారు తెలియదనిరి. పుదీనాపువ్వు వలె ముక్కును చల్లగా గిచ్చు పదార్థములైనచో ఏ పుటమున పడినదో జనులు చెప్పగలిగిరి. వనిల్లా పరిమళము గాని, కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన గాని యైనచో చెప్పలేకపోయిరి. గిచ్చుట తెలిసికొనునది ముఖమునకంతకును స్పర్శనిచ్చు వేరొక నాడి. అది ఘ్రాణము కాదు. ఈ తగవు తీరకయే, మన దేశమున బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రమున రాఘవు రాజను, జేమ్సు క్లెమెంటు, ఉపీందరు భల్లా అనువారు 2006లో ఎలుకల సంగతి తేల్చిరి. దప్పిగొన్న ఎలుక, వాసన ఎడమనుండి వచ్చినదో కుడినుండి వచ్చినదో చెప్పగలిగిననే దానికి నీరు దొరకును. ఒకటి రెండు మారులు ముక్కు ఎగబీల్చుటతోనే అది సరిగా చెప్పెను. ఒక పుటము మూసినచో తడబడెను.

మరుసటి సంవత్సరము కాలిఫోర్నియాలోని బర్క్‌లీయందు జెస్సు పోర్టరు మొదలగువారు విద్యావంతులైన మనుష్యులను కళ్లకు గంతలు కట్టి, చెవులు మూసి, పచ్చికలో నాలుగుకాళ్లపై ప్రాకించిరి. పచ్చికలో 10 మీటర్ల పొడవున చాకొలెట్టు సారము పూసిన దారమొకటి యుండెను. 32 మందిలో మూడింట రెండువంతులమంది ఆ జాడ తప్పక పోగలిగిరి. అభ్యాసముతో వేగమును హెచ్చెను. ఒక పుటము మూసినను, రెండు పుటములకును ఒకేచోటి గాలి అందునట్లు చేసినను వారి నైపుణ్యము తగ్గెను. బ్రోకా దొర ఆ పచ్చికయొద్ద నుండినచో ఏమనియుండునో!

ఇక స్వరశాస్త్రము చెంతకు మరలివత్తము. ఊపిరి ఒక పుటమున వేగముగాను రెండవపుటమున మెల్లగాను పోవునుగదా. దానివలన వాసనలో భేదము కలుగునా? 1999లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున నోమ్ సోబెలు మొదలగువారు ఈ ప్రశ్ననే పరీక్షించిరి. రెండు పదార్థములు సమముగా కలిపిన మిశ్రమమును తీసికొనిరి. ఒకటి పుదీనాజాతి మొక్కల పరిమళము. అది ముక్కులోని తడిపొరకు వెంటనే అంటుకొనును. రెండవది పెట్రోలులో నుండు ఆక్టేను; అది పొరకు అంత సులభముగా అంటుకొనదు. గాలి మెల్లగా పోవునపుడు మొదటిది దారి మొదటనే అంటుకొని మిగిలిపోవును, దూరము చేరదు. వేగముగా పోవునపుడు అంతట వ్యాపించును. రెండవదానికి పొరలో కరగుటకు వ్యవధి కావలెను గనుక మెల్లని గాలియే దానికి మేలు. పరీక్షలో అట్లే జరిగినది. ఆ మిశ్రమమే ఊపిరి వడిగా నడచు పుటమునకు పుదీనాగా హెచ్చు తోచెను. మందముగా నడచు పుటమునకు ఆక్టేనుగా హెచ్చు తోచెను. కొన్ని గంటలకు పుటములు తారుమారగును గనుక ఈ భేదమును తారుమారగును. కాబట్టి ప్రతి నిమిషమును మెదడునకు ఒకే లోకమునుండి రెండు విధములైన వార్తలు వచ్చుచున్నవి. చంద్రనాడి సూర్యనాడి భేదమున నిజముగా ఇమిడియున్న సంగతి యిది. వ్రేలితో ఊపిరి చూచుకొనినవారు ఒక మల్లెమొగ్గను ఒక్కొక్క పుటమునొద్ద ఉంచుకొని చూచియుండినచో, వారే దీని వాకిలి వరకు వచ్చియుందురు.

రెండు వార్తలు బొత్తిగా భిన్నమైనచో మెదడేమి చేయును? 2009లో టెక్సాసునందలి రైసు విశ్వవిద్యాలయమున వెన్ ఝౌ, డెనిసు చెన్ అను ఇరువురు స్త్రీలు పండ్రెండుగురికి ఒక పుటమున గులాబివాసనయు, రెండవ పుటమున ముద్దకలములోని సిరా వంటి ఘాటువాసనయు ఒకేసారి చూపిరి. రెండును కలిసి క్రొత్తవాసన కలుగుటకు మారుగా, ఒకమారు గులాబియు మరియొకమారు సిరాయు పైకి వచ్చుచుండెను. జ్వార్డెమేకరు నూరేండ్లకు పూర్వము చూచిన పోరునకు ఇది మరియొక ముఖము.

ఇంతవరకు చేసిన పరీక్షలన్నియు మనుష్యుని నోటినుండియు చేతినుండియు ఉత్తరము రాబట్టినవే. మెదడునే యడుగుటకు 2023లో వీలు కలిగినది. మందులకు లొంగని మూర్ఛరోగము గలవారికి, రోగము పుట్టుచోటు కనుగొనుటకై వైద్యులు మెదడులో సన్నని తీగలు అమర్చి కొన్నిదినములు విద్యుత్సంకేతములను నమోదు చేయుదురు. అట్టి రోగులు పదిమంది సమ్మతించిరి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు చెందిన గూల్జే దికెచ్లిగిలు, జే గాట్‌ఫ్రీడు మొదలగువారు, ఆరిజోనాలోని వైద్యులతో కూడి, వారికి కాఫీ, అరటిపండు, నీలగిరితైలము అను మూడు వాసనలను ఒకప్పుడు ఎడమపుటమున, ఒకప్పుడు కుడిపుటమున, ఒకప్పుడు రెంటను చూపుచు, ఘ్రాణవల్కలము పలుకు పలుకులను వినిరి.

అక్కడ వినబడినది ఇది. ఒక పుటమున వాసన చూపినపుడు మొదట ఆ వైపు వల్కలమే దానిని గుర్తించును. రెండవవైపు వల్కలము కూడ గుర్తించును గాని, దాదాపు అర సెకండు ఆలస్యముగా. మెదడు కాలమానములో అర సెకండు స్వల్పము కాదు. ఆ లోపల మనము ఒక మాట విని అర్థము చేసికొనగలము. ఒకే వాసన రెండు పుటములనుండి వచ్చినపుడు ఒక్కొక్క వల్కలమున గుర్తు పోలినదే యైనను అచ్చముగా ఒక్కటి కాదు. రెండు పుటములకును ఒకేసారి చూపినపుడు సైతము ఆ రెండు గుర్తులు కలిసి ఒక్కటి కాక, ఒకదాని వెనుక ఒకటిగా రెండు వేరువేరు వేళల వచ్చినవి. అనగా రెండు పుటముల వార్తలను మెదడు ఒకే దస్త్రములో ఉంచియు వేరువేరు పుటలలో వ్రాసికొనుచున్నది. మనకు కాఫీ ఒక్కటే. ఆ కాఫీ మన మెదడులోనికి రెండుమారులు వచ్చుచున్నది.

ఈ సంగతి శాస్త్రజ్ఞులకు వినోదముగా నుండవచ్చును, సంసారులమైన మనకేమి యని యడుగువారుందురు. మొదటిది, మనము ఘ్రాణమును లెక్కచేయకుండుటవలన నష్టపడుచున్నాము. 2020లో కోవిడు వ్యాపించినపుడు వాసన తెలియకపోవుట అనేకులకు మొదటి గుర్తయ్యెను. మన దేశ ఆరోగ్యశాఖ దానిని రోగలక్షణముల పట్టికలో ఆ యేడు జూను మాసమున చేర్చినది. అంతకుముందు వాసన పోయినదని చెప్పికొన్నచో, కన్ను పోలేదుగదా యని ఓదార్చుటయే వాడుక. గ్యాసు కారుట, అన్నము మాడుట, పాలు విరుగుట ముందుగా తెలియజేయు కాపలాదారు పోయినపుడు వంటయింటివారికి కలుగు భయము, తినుదానిలో రుచి పోయి కలుగు దిగులు మనకు ఆ యేడు గాని తెలియలేదు.

రెండవది ఇంతకంటె ముఖ్యము. రెండు పుటములు వేరువేరు దారుల కావలికాండ్రు గనుక, ఒకరు నిద్రపోయినను రెండవవారు ఇంటిని కాచుచుందురు. యజమానికి ఆ నిద్ర తెలియనే తెలియదు. ఒకవైపు ఘ్రాణము పూర్తిగా పోయినను మనుష్యుడు చాలకాలము దానిని కనిపెట్టలేకపోవుట కలదు. ఘ్రాణకందము చెంత మెల్లగా పెరుగు కంతి మొదట ఆ వైపు వాసననే హరించును. 1911లో ఫాస్టరు కెన్నెడీ అను వైద్యుడు ఇట్టి కంతుల లక్షణములను వర్ణించినప్పటినుండి, నాడీవైద్యులు రెండు పుటములను ఒక్కొక్కటిగా పరీక్షింపవలెనని పాఠములలో చెప్పుచునే యున్నారు. కాని రద్దీగల వైద్యశాలలలో ఆ పరీక్షకు తీరిక దొరకుట అరుదు. ముక్కు అడ్డుగోడ వంకర, లోపల పెరిగిన కండ, పాతజలుబు మొదలగు సామాన్య కారణములే హెచ్చు గనుక భయపడవలసిన పని లేదు. తెలిసికొనియుండుట మాత్రము మంచిది.

ఇంట చేయదలచినవారికి పద్ధతి చెప్పెదము. కన్నులు మూసికొని ఒక పుటమును వ్రేలితో మెల్లగా మూయవలెను. మరియొకరు కాఫీపొడి గాని, కాగిన నెయ్యి గాని, మల్లెపూవు గాని తెరచిన పుటము క్రింద ఉంచి, ఏమిటో చెప్పుమని యడుగవలెను. పిమ్మట రెండవ పుటము. నవాసారము, కర్పూరము, మిరపఘాటు, తలనొప్పికి పూయు లేపనములు ఇందుకు పనికిరావు. అవి గిచ్చునవి గనుక, ఘ్రాణము లేనివానికి సైతము స్పర్శనాడి వలన తెలిసిపోయి మోసము చేయును. జలుబున్నప్పుడు చేయరాదు. ఒక పుటమున మందముగా తోచినచో వెంటనే దిగులుపడక ఉదయమొకసారి, సాయంకాలమొకసారి, మరికొన్ని దినములు చూడవలెను. స్వరము మారుటవలన కలిగిన భేదమైనచో అది ఒకప్పుడు కుడికి ఒకప్పుడు ఎడమకు పోవుచుండును. ఎప్పుడు చూచినను ఒకే పుటమున మందముగా నున్నచో వైద్యునియొద్దకు పోయి, ఏ పుటమో, ఎన్నిదినములనుండియో విడమరచి చెప్పవలెను.